వెనక నడిచే మనిషి

తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "ఈ రోజు నడక ఉంది, ఐదింటికల్లా చర్చి గేటు దగ్గరుండండి" అని గ్రూపులోకి చెప్పి పంపడం ఆనందకుమారికి ఆరేళ్లుగా అలవాటు. రాసి పంపితే సగంమందికి చదువు రాదు, చదువు వచ్చినవాళ్లకు ఆ వేళప్పుడు కళ్లజోడు దొరకదు. అందుకని గొంతుతోనే పంపుతుంది. పంపాక మంచం అంచున ఐదు నిమిషాలు కూర్చుంటుంది. మొదట్లో ఆ ఐదు నిమిషాలూ ప్రార్థనకని పెట్టుకున్నది. ఈ మధ్య ప్రార్థన కూడా రావడం లేదు. 'ఇంకెన్నాళ్లు ప్రభువా' అన్న ఒక్క మాట వస్తుంది, దాన్ని ప్రార్థన అనుకుంటే అనుకోవచ్చు.

తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఆ ఊళ్లో ఆమెను ఆనందకుమారి అని పిలిచేవాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లకు పైగా సబ్‌సెంటర్లో నర్సుగా చేసింది కాబట్టి అందరికీ సిస్టరమ్మ. రిటైరై ఉద్యోగం పోయింది గానీ పేరు పోలేదు. పేరుతోపాటు చాకిరీ కూడా పోలేదని ఆమె భర్త జడ్సన్ అంటుంటాడు.

అసలు ఈ నడక మొదలైంది కూడా ఆ ఉద్యోగపు చివరి నెలలోనే. ఊళ్లో పరీక్షలు చేస్తే ఇరవైమూడు మంది ఆడవాళ్లకు షుగరు తేలింది. రోజూ నడవండమ్మా అని చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపారు. ఒక్కరూ నడవలేదు. ఎందుకు నడవలేదో కనుక్కుంటే తేలిందేమిటంటే, ఆ ఊళ్లో ఆడమనిషి ఉత్త చేతులతో రోడ్డెక్కితే ఎదురుపడిన ప్రతివాడూ "యాడికి?" అంటాడు. పొలానికి, పాలకు, చేపలకు, చర్చికి, వీటిలో ఏదైనా జవాబే. 'ఊరికే నడవడానికి' అన్నది జవాబు కాదు, నవ్వులాట. సరే, తలా ఒక పాల క్యాను పట్టుకుని రండి అంది సిస్టరమ్మ. మొదటి ఆరు నెలలు పద్నాలుగు మంది ఆడవాళ్లు ఉత్త క్యాన్లు ఊపుకుంటూ కాలువ కట్ట మీద వరసగా నడిచారు. కట్ట పక్కన కొట్టం వేసుకున్న పెంచలకృష్ణ రెండో రోజే ఎదురొచ్చి దండం పెట్టాడు. "అమ్మా, నాకుండేది రెండు బర్రెలే, ఇంతమందికి నేను యాడ తెచ్చి పోసేది" అన్నాడు. ఆ తర్వాత మెల్లగా క్యాన్లు పోయాయి, నడక నిలబడింది.

నిలబడిందంటే దానంతటది నిలబడలేదు. కట్టకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఐసు లారీలూ మేత లారీలూ ఆ సందు రోడ్డునే పోవాలి. అందుకని ఒకరి వెనక ఒకరు, వెనక్కి చూడకుండా నడవాలి. గుంటల దగ్గర కాపలా కుక్కలను ఆరింటిదాకా కట్టేయమని ప్రతి గుంట మనిషినీ విడివిడిగా బతిమాలుకోవాలి, మనిషి మారినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి బతిమాలుకోవాలి. హవాయి చెప్పు పట్టీ ఊడితే పెట్టడానికి సంచిలో పిన్నీసులుండాలి. ఎవరికైనా కళ్లు తిరిగితే నోట్లో వెయ్యడానికి బెల్లం ముక్కలుండాలి. అన్నిటికంటే పెద్ద తంటా ఉపవాసాలు. సోమవారం కొందరు, శనివారం కొందరు, శుక్రవారం చర్చివాళ్లు. అన్నం మానేస్తారు గానీ షుగరు మాత్ర మాత్రం మానరు. మాత్ర మందు కదా, తిండి కాదు కదా అని వాదిస్తారు. కడుపు ఖాళీగా ఉండి మాత్ర లోపలికి పోతే రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుందని ఆమె ఆరేళ్లుగా చెబుతూనే ఉంది. అందుకే గేటు దగ్గర ప్రతి మనిషినీ నిలబెట్టి, "ఉపవాసమా? మాత్ర వేసుకున్నావా?" అని అడిగి గానీ కదలనివ్వదు.

ఇక వెనక నడవడం. ముందు ఎవరైనా నడుస్తారు. అంగన్వాడీలో పనిచేసే సుభాషిణి ముందు నడుస్తుంది, ఆమెకు రోడ్డంటే పందెం. కానీ ఆఖరున ఒక మనిషి ఉండాలి, ఎవరు ఆగారో ఎవరు తూలుతున్నారో చూసుకోవడానికి. అలా చూసుకున్న మనిషి ముందువాళ్లను కేక వేసి ఆపవచ్చు కదా అంటే, కుదరదు. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఆనందకుమారికి అటువంటి పట్టింపులు లేవు గానీ, మొదటి వారంలోనే ఆమె వెనక నుంచి "ధనలక్ష్మీ, కొంగు చూసుకో" అని పిలిస్తే ధనలక్ష్మి అక్కడికక్కడే వెనక్కి తిరిగి ఇంటికి పోయి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, మళ్లీ కొత్తగా బయలుదేరి వచ్చింది. మిగిలిన పదముగ్గురూ లారీల దుమ్ములో పావుగంట నిలబడ్డారు. ఆ రోజు నుంచి వెనక పిలుపు బంద్. ఏదైనా చెప్పాలంటే ఆఖరున నడిచే మనిషే గబగబా పోయి ముందువాళ్లను అందుకోవాలి. అరవయ్యారేళ్ల వయసులో ఆనందకుమారి వారానికి నాలుగైదుసార్లు అలా పరిగెత్తుతోంది.

ఆమె అలిసిపోయింది. అందులో దాపరికమేమీ లేదు. ఎవరికైనా అప్పజెప్పి పక్కకు తప్పుకోవాలని ఏడాదిగా అనుకుంటోంది. "ఈస్టరు దాటితే మానేస్తాను" అని జడ్సన్‌తో అంటే, అతను పేపర్లోంచి తలెత్తకుండా, "పోయిన ఈస్టరుకు గూడా ఇదే చెప్పినావు" అన్నాడు.

మానెయ్యడానికి చేతులు రాని కారణం ఒకటుంది. రెండేళ్ల కిందట తుఫాను వానలకు కట్ట తెగి నలభై రోజులు నడక ఆగింది. కట్ట బాగైంది, ఎండ వచ్చింది, ఒక్క మనిషి బయటికి రాలేదు. ఆమె ఇల్లిల్లూ తిరిగి పిలిచేదాకా రాలేదు. ఆ నలభై రోజుల్లోనే ధనలక్ష్మి షుగరు నాలుగు వందలు దాటి, కాలివేలి పుండు ముదిరి, నెల్లూరులో ఆ వేలు తీసేశారు. అంచేత నడక ఆగితే ఏం జరుగుతుందో ఆమెకు ఊహించుకునే పని లేదు. ఆఖరున నడిచే మనిషి ఒకరు దొరికితే చాలు, మిగతాదంతా దానంతటది నడుస్తుంది. ఆ ఒక్క మనిషి దొరకడం లేదు.

ఆ నెలలో ఆమె గట్టిగానే ప్రయత్నించింది. నడవగలిగిన ప్రతి మనిషినీ పక్కకు పిలిచి అడిగింది. సుభాషిణి, "ముందర నడవమంటే సముద్రందాకా నడుస్తా సిస్టరమ్మా, ఎనకాల మెల్లింగా నడవడం నా వల్ల కాదు" అంది. ధనలక్ష్మి అయితే కోప్పడింది. "మా ఇంటాయన నన్ను పంపిచ్చేది ఎవుర్ని చూసి? మిమ్మల్ని చూసి. రేపు నేను ఎనక నడుస్తా ఉంటే ఎవురికన్నా ఏమన్నా అయితే ఊరంతా నా మీద పడరా?" అంది. ఈ మధ్యే చేరిన వినీల నవ్వి ఊరుకుంది. ఊరుకునేవాళ్లతో వాదించడానికి కూడా వీలుండదు.

నిజం చెప్పాలంటే ఆమె విసుగులో పెద్ద భాగం మాలకొండమ్మ మీద. వరసలో ఆఖరుకు ముందు మనిషి మాలకొండమ్మ. ముప్ఫై ఏళ్లు నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి, ఇప్పుడు రెండు మోకాళ్లూ అరిగి, పక్కలకు ఊగుతూ, కరెంటు స్తంభం కనిపిస్తే చాలు ఆనుకుని నిలబడుతుంది. ఆమె ఆగితే వెనక ఆనందకుమారి ఆగాలి. "పద మాలకొండమ్మా, పద పద" అనాలి. ఆరేళ్లలో ఆనందకుమారి ఆమె ముఖం కంటే వీపునే ఎక్కువ చూసింది. ఈమె ఒక్కతి లేకపోతే రోజూ పావుగంట ముందు ఇల్లు చేరేదాన్ని కదా అని చాలాసార్లు అనుకుంది. అనుకున్నందుకు ఆదివారం చర్చిలో సిగ్గుపడింది. సోమవారం మళ్లీ అనుకుంది.

ఇంకొక సంగతి జడ్సన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మూడేళ్లుగా ఆనందకుమారికీ షుగరే. పరీక్షలు నెల్లూరు పోయి చేయించుకుంటుంది, మాత్రలు అక్కడే కొనుక్కుంటుంది. తనకే ఉందని తెలిస్తే తన మాట వినే దిక్కుండదని భయం. నర్సులకు ఇటువంటి భయం ఉంటుంది, దానికి మందు లేదు.

మార్చి నెలలో ఒక శుక్రవారం. శుక్రవారం ఇల్లు కడుగుకునేవాళ్లు రారు కాబట్టి ఏడుగురే వచ్చారు. ఆనందకుమారి అలవాటు ప్రకారం ఒక్కొక్కరినీ నిలబెట్టి ఉపవాసం సంగతీ మాత్ర సంగతీ అడిగింది. వినీల మాత్ర వేసుకోలేదని చెబితే మెచ్చుకుంది. ఆనందకుమారిని అడిగేవాళ్లెవరూ లేరు. ఆ రోజు చర్చిలో ఉపవాస ప్రార్థన, ముందురోజు రాత్రి నుంచీ ఆమె ఏమీ తినలేదు. మాత్ర మాత్రం నాలుగున్నరకు, ఫోను పెట్టేసిన చేత్తోనే వేసుకుంది. చేతికి అలవాటైన పని, మనసుకు తెలియకుండానే అయిపోయింది.

రెండో గుంట దాటుతుంటే గుర్తొచ్చింది. సంచిలో బెల్లముంది కదా అనుకుంది. మరి తింటే ఉపవాసం పోతుంది, నడక మళ్లే వంతెన దాకా చూద్దాం అనుకుంది. వేరెవరైనా ఆ మాట అంటే నాలుగు చీవాట్లు పెట్టేది. మూడో గుంట దగ్గరకొచ్చేసరికి జాకెట్టు తడిసిపోయింది, చేతులు వణికాయి. సంచిలో చెయ్యి పెట్టింది. బెల్లం డబ్బా ఖాళీ. మంగళవారం ఆఖరి ముక్క ఎవరికో పెట్టి, మళ్లీ నింపడం మరిచిపోయింది. ఆరేళ్లలో ఎన్నడూ మరిచిపోలేదు. ముందు మాలకొండమ్మ వీపు రెండుగా కనబడింది. ఆనందకుమారి కట్ట అంచున కూలబడింది.

పిలవాలని తెలుసు. నాలుక మొద్దుబారి మాట రాలేదు. ముందువాళ్లు ఒకరి వెనక ఒకరు చీకట్లోకి పోతున్నారు. వెనక్కి చూడకుండా నడవమని వాళ్లకు నేర్పింది తనే. ఎంత బాగా నేర్పాను అనుకుంది, ఏడుపు వచ్చింది.

మాలకొండమ్మ స్తంభం దగ్గర ఆగింది. వెనక నుంచి "పద పద" రాలేదు. చెప్పుల చప్పుడూ లేదు. తిరిగి చూసింది. ఆ మోకాళ్లతో ఎలా వచ్చిందో గానీ వచ్చింది. సిస్టరమ్మ ఒళ్లు చల్లగా చెమటలో మునిగి ఉంది. ఆరేళ్లుగా ఈ సిస్టరమ్మ పక్కన నిలబడి, కళ్లు తిరిగినవాళ్లకు ఆమె ఏం చేస్తుందో చూస్తూనే ఉంది కాబట్టి నేరుగా సంచి లాక్కుని డబ్బా తీసింది. ఖాళీ డబ్బా పక్కన పెట్టి, లేచి నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేక వేసింది.

"ధనలక్ష్మీ... ఎనక్కి రాండి మే! సిస్టరమ్మ పడిపోయింది!"

మూడు వీధుల అవతలికి చేపల పేర్లు వినిపించిన గొంతు అది. గుంటల నీళ్లు చిలికే ఏరియేటర్ల హోరును దాటి పోయింది. ఆరుగురూ ఉన్నపళంగా ఆగిపోయారు. బెల్లం కావాలని ఆమె రెండో కేక వేసేసరికి ధనలక్ష్మి ఇటు రాకుండా పక్కనే ఉన్న గుంట షెడ్డులోకి పరిగెత్తింది. ఆమె మొగుడు కౌలుకు గుంటలు చేస్తాడు, షెడ్డులో ఏముంటుందో ఆమెకు తెలుసు. రొయ్యలకు మందులో కలిపి నానబెట్టే నల్లబెల్లం దిమ్మె నుంచి పిడికెడు పెళ్ల పగలగొట్టి తెచ్చింది. దానికి మేత వాసన. మాలకొండమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి ఆనందకుమారి నోట్లోకి తోసింది.

"నోరు తెరువు మే! చప్పరించు! మింగు!"

ఆ ఊళ్లో ఆనందకుమారిని, ఒసే అన్నంత చనువుగా, 'మే' అని పిలిచిన మొదటి మనిషి మాలకొండమ్మే. ఆనందకుమారి కళ్లు మూసుకుని చప్పరించింది. రొయ్యల మేత కంపు కొడుతున్న ఆ బెల్లం అంత తియ్యగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పావుగంటకు మాట వచ్చింది. అప్పటికి అందరూ చుట్టూ కట్ట మీద కూర్చున్నారు. ముందు అడిగింది ధనలక్ష్మి.

"షుగరు మాత్ర ఏసుకున్నారా?"

ఆనందకుమారి తలూపింది.

"ఎన్నేండ్ల నుంచి ఉండాది?"

"మూడేళ్లు."

"మా ఇండ్లల్లో ఎవురు ఏం తింటా ఉండారో, ఎవురికి ఎంత షుగరుండాదో అంతా మీకు తెలుసు" అంది ధనలక్ష్మి. "నా ఏలు కోసేసినప్పుడు మీ చెయ్యి పట్టుకోని ఏడిసినా. మీ సంగతి మాత్రం మాకు చెప్పగూడదు. మేము మనుషులం గాదా?"

వినీల మాట మార్చాలని, "ఏమైనా మాలకొండమ్మత్త ఎనకనుంచి పిలిచేసింది, ఇంటికి పోయి నీళ్లు తాగి రావాలేమో" అంది మెల్లగా.

"ఊరుకో మే" అంది మాలకొండమ్మ. "నెత్తిన గంప పెట్టుకోని పొయ్యేదాన్ని ఎనకనుంచి పిలిస్తేనే బేరం. పిలవకుంటే ఆ పూట పస్తే. ముప్పై ఏండ్లు ఆ పిలుపు కోసరమే చెవులు ఎనక్కి పెట్టుకోని నడిచినా. మీరు పట్టిచ్చుకుంటారని ఇన్నాళ్లూ నోరు మూసుకోని ఉండా, అంతే."

శనివారం జడ్సన్ ఆమెను నెల్లూరు తీసుకుపోయాడు. డాక్టరు మాత్ర మార్చి, ఉపవాసాలు మానమన్నాడు, మెల్లగా నడవచ్చన్నాడు, పరుగులు వద్దన్నాడు. ఆ రోజు ఆమె గ్రూపులోకి మాట పంపలేదు. ఆదివారం ఎటూ నడక లేదు. ఆ సాయంత్రం చర్చిలో ఇద్దరు ముగ్గురు వచ్చి పలకరించారు గానీ నడక ఊసెత్తలేదు. నడిపించే మనిషే పడిపోయిందని ఊరంతా తెలిసింది. ఏ ఇంట్లో పంపిస్తారు? తను మానలేదు, దానంతటదే ఆగిపోయింది అనుకుంది. ముందు హాయిగా అనిపించింది. ఆ హాయి కాసేపైనా నిలవలేదు. ఇంకా పుండు పడని ధనలక్ష్మి రెండో పాదం గుర్తొచ్చింది.

సోమవారం కూడా మాట పంపలేదు. కానీ తెలియక వచ్చిన ఒకరో ఇద్దరో చీకట్లో నిలబడిపోతారని, ఆగిపోయిందని ముఖాముఖీ చెప్పి వద్దామని, ఐదింటికి గేటు దగ్గరికి పోయింది.

తొమ్మిది మంది ఉన్నారు. సుభాషిణి మూతి బిగించుకుని నిలబడి ఉంది. ధనలక్ష్మి ఇంకా కోపంగానే ఉంది, కానీ వచ్చింది. ఆనందకుమారి చెప్పాలనుకున్న మాట చెప్పడం మొదలుపెట్టింది. నా వల్ల కాదమ్మా, వెనక నడిచే మనిషి లేకుండా మిమ్మల్ని ఆ కట్ట మీదికి పంపలేను, నేను అందర్నీ అడిగి చూశాను...

"అందర్నీ అడగలా" అంది మాలకొండమ్మ.

ఆనందకుమారి ఆమె వైపు తిరిగింది.

"సుభాషిణిని అడిగినారు. ధనలక్ష్మిని అడిగినారు. నిన్న మొన్న చేరిన పిల్లను గూడా అడిగినారు. నన్నెందుకు అడగలేదు సిస్టరమ్మా?"

"నీ మోకాళ్లు..." అంది ఆనందకుమారి.

"మోకాళ్లు ఇట్ట ఉన్నేదానికే ఆఖర్న ఉంటా. ఆఖర్న ఉండేదానికి ఇంగ ముందరికి పొయ్యే పనేముంది? ముందరోళ్లను అందుకోవాల్సిన పని లేదు, నేను పిలుస్తా. నేను పిలిస్తే ఎవురూ ఇంటికి పోయి నీళ్లు తాగనక్కర్లేదని మేమంతా నిన్న మాట్లాడుకున్నాం. చూసేదానికి కండ్లుండాయి, అరిచేదానికి గొంతుండాది. నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయింది మీకు?"

ఆనందకుమారికి ఆ ఒక్క మాట ఆరేళ్లలో ఎన్నడూ తోచలేదు. ఎందుకు తోచలేదో కూడా తెలుసు. మాలకొండమ్మను ఆమె మోయాల్సిన బరువుల్లో లెక్కేసింది, మోసే మనుషుల్లో లెక్కెయ్యలేదు. మొయ్యడమే బతుకుగా బతికిన మనిషిని.

"నువ్వు చెయ్యలేవనుకున్నా మాలకొండమ్మా" అంది. "తప్పయింది."

"సరే, పదండి. తెల్లారిపోతా ఉండాది" అంది మాలకొండమ్మ. "మీరు ముందర నడవండి. సుభాషిణి మీ ఎనకాల నడుస్తాది. మిమ్మల్ని దాటి పోతే నేను అరుస్తా." సుభాషిణి మూతి ఎందుకు బిగిసిందో ఆనందకుమారికి అప్పుడర్థమైంది.

ఆనందకుమారి ముందు నడిచింది. మొదటి అరకిలోమీటరు ఏమీ బాగులేదు. కళ్ల ముందు ఒక్క వీపు లేదు. రోడ్డు బోసిగా ఉంది. రెండుసార్లు వెనక్కి తిరగబోయి ఆపుకుంది. వెనక ఎక్కడో "పద వినీలా, పద పద" అని వినిపించింది. ఆ తర్వాత తిరగాలనిపించలేదు. చేతులు ఖాళీగా ఊగుతుంటే నడవడం కొత్తగా ఉంది. కాళ్లు నొప్పి పుడుతున్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

వంతెన దగ్గరికి అందరికంటే ముందు చేరి పిట్టగోడ మీద కూర్చుంది. రాయి చల్లగా ఉంది. కాలువ మీద అప్పుడప్పుడే వెలుతురు పడుతోంది, సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. ఇక్కడ ఇంత గాలి వస్తుందా అని ఆశ్చర్యపోయింది. ఆరేళ్లుగా రోజూ ఈ వంతెన దాకా వస్తూనే ఉంది. కానీ ఎన్నడూ ఈ గోడ మీద కూర్చోలేదు. ఆమె వచ్చేసరికి అందరూ కూర్చుని సేదతీరి ఉండేవాళ్లు. ఆమె చేరగానే, సిస్టరమ్మ వచ్చేసింది పదండి అని లేచేవాళ్లు. ఆమె వాళ్ల వెనకే మళ్లీ నడిచేది. అది ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

సుభాషిణి వచ్చి కూర్చుంది. ధనలక్ష్మి వచ్చింది. వినీల వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి గోడ నిండింది. చాలాసేపటికి మాలకొండమ్మ పక్కలకు ఊగుతూ, ఆఖరి స్తంభం దగ్గర ఒకసారి ఆగి, వంతెన ఎక్కింది.

"ఆఁ, వచ్చేసింది, పదండి" అని సుభాషిణి లేచింది. ఆమెతోపాటు మిగతావాళ్లూ చీరలు సర్దుకుంటూ లేచారు.

"కూర్చోండి" అంది ఆనందకుమారి.

"టైమైపోతా ఉండాది సిస్టరమ్మా."

"కానీయండి. ఆమె ఇప్పుడే వచ్చింది." ఆనందకుమారి జరిగి పక్కన చోటు చేసింది. "ఆమె కూర్చోవాలి. ఆమె లేద్దామన్నాకే ఎవరైనా లేచేది. ఈ రోజు నుంచి ఇదే పద్ధతి."

మాలకొండమ్మ మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా ఆమె పక్కన కూర్చుంది. చాలాసేపటిదాకా లేద్దామనలేదు.